రాకీ పర్వతాల్లో ఎనిమిది రోజుల గోల్ఫ్: ఇక్కడ 150 యార్డులు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో కాల్గరీకి పడమరగా గంటన్నర ప్రయాణం చేస్తే రాకీ పర్వతాలు. ఆ కొండల మధ్య మూడు చోట్ల ఆడటానికి వేసిన ప్రణాళిక ఇది. కెనానాస్కిస్‌లో రెండు కోర్సులు, బాన్ఫ్‌లో ఒకటిన్నర, జాస్పర్‌లో ఒకటి. నాలుగున్నర రౌండ్లే (18 హోల్స్ ఆడితే ఒక రౌండు) కదా, ఎనిమిది రోజులెందుకు అనిపించవచ్చు. కొండల్లో బంతి వెళ్లే దూరం మారుతుంది, కన్ను దూరాన్ని తప్పుగా కొలుస్తుంది, గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద వాలు కనపడినట్టు ఉండదు. ఈ మూడూ ఒంటికి పట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే ఏ కోర్సు తర్వాత ఏది ఆడాలన్న వరసే ఈ ప్రయాణానికి ప్రాణం. దిగిన మర్నాడే బాన్ఫ్ కోర్సు మీద పడితే, డబ్బులిచ్చి బంతులు నీళ్లలో పోసుకున్నట్టే.

బయల్దేరే ముందు

సీజన్ మే మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది, కానీ అక్కడ వర్షాలు ఎక్కువ కురిసే నెల కూడా అదే, పైగా దోమలు. జూలై, ఆగస్టుల్లో జనం, కార్చిచ్చుల పొగ. సెప్టెంబర్ మొదటి రెండు వారాలు మంచివి. గాలి పొడిగా ఉంటుంది, ఫెయిర్‌వేలు (గ్రీన్ దాకా బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డిదారులు) గట్టిపడి ఉంటాయి, చీకటి పడేసరికి ఎనిమిది అవుతుంది. దానికి తగ్గ ఇబ్బంది ఒకటుంది, పొద్దున్నే మంచు.

మొదటి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) కోసం ఎగబడకండి. గడ్డి మీద మంచు గడ్డకట్టినప్పుడు దాని మీద నడిస్తే లోపలి కణాలు చితికిపోయి, ఎండ వచ్చాక అడుగు పడిన ప్రతిచోటా నల్లగా మచ్చ తేలుతుంది. అందుకని మంచు కరిగేదాకా ఎవర్నీ కోర్సు మీదికి పంపరు. ఏడున్నరకు బుక్ చేసుకున్నవాళ్లు తొమ్మిదిన్నరకు కదులుతారు, వెనకవాళ్లంతా జరుగుతూ పోతారు. పదింటికి, పదిన్నరకు తీసుకుంటే ఆ ఆలస్యం చాలావరకు సర్దుకుంటుంది, చేతులూ కొంకర్లు పోవు.

బుకింగ్‌లో ముందు గదులు, తర్వాత టీ టైమ్‌లు, ఆఖరున విమానం. బాన్ఫ్, జాస్పర్ రెండూ జాతీయ ఉద్యానవనాల లోపలి ఊళ్లు. కొత్త కట్టడాల మీద గట్టి నియంత్రణ ఉంటుంది కాబట్టి గదులు పెరగవు. జాస్పర్‌లో ఇంకా కష్టం. 2024 జూలై కార్చిచ్చులో ఆ ఊరి కట్టడాల్లో దాదాపు మూడోవంతు కాలిపోయాయి. అక్కడ గది దొరికిన తేదీని బట్టే మిగతా వారాన్ని అమర్చుకోవాలి.

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు విజిటర్ వీసా కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు, కార్డూ పాస్‌పోర్టూ రెండూ చేతిలో ఉండాలి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో హెచ్‌1బీ మీద వచ్చేవాళ్లకు మాత్రం కెనడా వీసా తప్పదు. నలుగురి బృందంలో ఒక్కరి కాగితాలు ఆగినా టీ టైమ్‌లన్నీ కదిలిపోతాయి, కాబట్టి డబ్బు వెనక్కి రాని బుకింగ్ ఏదైనా వీసాలు చేతికొచ్చాకే.

కాల్గరీలో తెలుగు స్నేహితులుంటే వాళ్లని జట్టులో కలుపుకోండి. కెనానాస్కిస్‌లో ఆల్బర్టా నివాసులకు వేరే ధర, గుర్తింపు చూపిస్తే బయటివాళ్లకన్నా బాగా తక్కువ. ఆ రాష్ట్రంలో అమ్మకం పన్ను లేదు, 5 శాతం జీఎస్‌టీ ఒక్కటే.

గోల్ఫ్ బ్యాగు 23 కిలోల లోపే వస్తుంది. సెట్టు, బ్యాగు, మెత్తని ట్రావెల్ కవరు కలిపి 13 నుంచి 15 కిలోలు, పైన బూట్లు, స్వెటర్లు కూరవచ్చు. డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర) తల విప్పి సాక్సులో చుట్టండి. మిగతా క్లబ్బుల మధ్య, డ్రైవర్ షాఫ్ట్ కన్నా రెండంగుళాలు పొడవుండే గట్టి కడ్డీ నిలబెట్టండి. బ్యాగు తలకిందులుగా పడితే ఆ దెబ్బ కడ్డీ కాస్తుంది. క్లబ్బులు విరిగేది ఎక్కువగా తల దగ్గరే, అందుకే తలల చుట్టూ తువ్వాళ్లు కుక్కి కట్టేయాలి. డ్రైవర్ విప్పే రెంచి కూడా అందులోనే. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్, దాని విడి లిథియం బ్యాటరీ మాత్రం చేతి సంచీలోకి.

కారు విషయంలో అందరూ చేసే తప్పు, నలుగురికి ఎస్‌యూవీ చాలనుకోవడం. నాలుగు గోల్ఫ్ బ్యాగులు, నాలుగు సూట్‌కేసులు మామూలు ఎస్‌యూవీలో పట్టవు. వెనక సీటు మడవగలిగే మినీవ్యాన్ అడగండి.

మొదటి రోజు: కాల్గరీ నుంచి కెనానాస్కిస్

విమానాశ్రయం నుంచి ఒకటో నంబరు హైవే మీద పడమరకు, తర్వాత 40వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా పాతిక కిలోమీటర్లు. విమానాశ్రయం ఉన్న ఈశాన్య కాల్గరీలోనే భారతీయ సరుకుల దుకాణాలు, భోజనశాలలు ఎక్కువ. పెరుగు, పచ్చళ్లు, చపాతీలు ఏం కావాలన్నా అక్కడే కొనుక్కోండి, కొండల్లో దొరకవు. ఇంటినుంచి తెచ్చిన పొడులు, ఆవకాయ ఉంటే దిగగానే కస్టమ్స్‌వాళ్లకు చెప్పి చూపించండి. మాంసం పచ్చళ్లు తేవద్దు.

ఎలుగుబంట్ల కోసం కారం స్ప్రే కూడా ఇక్కడే కొనాలి. దాన్ని విమానంలో తేనివ్వరు, చేతి సంచీలోనూ కాదు, లగేజీలోనూ కాదు. కొన్నది గోల్ఫ్ బ్యాగు జిప్పు లోపల పెడితే లేనట్టే లెక్క, నడుముకు తగిలించుకోవాలి.

ఆ రోజు ఆడొద్దు. సాయంత్రం రేంజిలో, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో, ఓ గంట గడపండి. వెడ్జి (దగ్గరి దూరాలకు), 7 ఐరన్ (మధ్య దూరాలకు), డ్రైవర్, ఈ మూడు క్లబ్బులతో తలా పది బంతులు కొట్టి, బంతి నేల తాకే దూరం లేజర్‌తో చూసి కార్డు మీద రాసుకోండి. రేంజి బంతులు పాతవైతే దూరం తక్కువ చూపిస్తాయి, కాబట్టి ఇది తుది లెక్క కాదు, ఆరంభం మాత్రమే.

అసలు లెక్క ఇలా వేయాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు బంతి దూరం ఇంచుమించు 1.2 శాతం పెరుగుతుంది, గాలి పలచబడి అడ్డం తగ్గుతుంది కాబట్టి. బాన్ఫ్ ఊరు 1,383 మీటర్ల ఎత్తున, అంటే 4,500 అడుగుల పైచిలుకున ఉంది. సముద్ర మట్టంతో పోలిస్తే 5 శాతం లాభం. విశాఖలో 7 ఐరన్‌తో 150 కొట్టేవాళ్లకు అది 158 దాకా వస్తుంది. గోల్కొండ పక్కన నయా ఖిలాలో ఆడేవాళ్లు ఇప్పటికే 540 మీటర్ల ఎత్తున ఆడుతున్నారు, వాళ్లకు కలిసొచ్చేది 5 యార్డులే.

ఇక చలి. గాలి చల్లబడితే చిక్కబడుతుంది, బంతి కూడా గట్టిపడుతుంది. హైదరాబాద్‌లో 30 డిగ్రీల్లో ఆడి, ఇక్కడ పొద్దున 5 డిగ్రీల్లో అదే 7 ఐరన్ కొడితే దాదాపు 5 యార్డులు తగ్గుతుంది. అంటే ఎత్తు ఇచ్చింది చలి తీసేసుకుంటుంది. పైన రెండు స్వెటర్లు వేసుకుంటే భుజం పూర్తిగా తిరగదు, అందులో ఇంకొన్ని యార్డులు పోతాయి. మధ్యాహ్నానికి 20 డిగ్రీలకొచ్చి స్వెటర్లు తీసేశాక పోయినవన్నీ తిరిగొస్తాయి. కొండల్లో బంతి ఎగురుతుందన్న మాట విని పొద్దున్నుంచే ఒక క్లబ్బు తగ్గించి (తక్కువ దూరం పోయేది తీసి) కొట్టేవాళ్లు మొదటి ఐదారు హోల్స్‌లో ప్రతి గ్రీన్‌కీ ముందే పడేసుకుంటారు. కార్డు మీద రెండు వరసలు రాసుకోండి, పొద్దుటి దూరాలు ఒకటి, మధ్యాహ్నపు దూరాలు ఒకటి.

రెండో రోజు: మౌంట్ లొరెట్

కెనానాస్కిస్‌లో రెండు 18 హోల్స్ కోర్సులున్నాయి, ఎదురుగా కనపడే కొండల పేర్లే వాటికీ పెట్టారు: మౌంట్ లొరెట్, మౌంట్ కిడ్. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్ రూపకల్పన, 1983లో తెరిచారు. 2013 జూన్ వరదల్లో కోర్సు చాలా భాగం రాళ్లు, బురద కింద కూరుకుపోయింది. మట్టి ఎత్తి, పాత గీతల మీదే మళ్లీ కట్టి, 2018లో తెరిచారు. తెల్లటి సిలికా ఇసుక బంకర్లు (అడ్డంగా తవ్విన ఇసుక గుంతలు) దూరానికి పాలు ఒలికినట్టు ఉంటాయి, ఎండ నెత్తిమీదున్నప్పుడు కళ్లు జిగేల్‌మంటాయి. రంగు కళ్లద్దాలు వేసుకుని గ్రీన్ వాలు చదవగలరో లేదో ముందే చూసుకోండి.

భారత్‌నుంచి వచ్చేవాళ్లకు ఇక్కడ పెద్ద మార్పు, క్యాడీలుండరు. దూరం చెప్పేవాళ్లు, బంతి వెతికేవాళ్లు, పట్ లైన్ (గ్రీన్ మీద బంతి గుంతలోకి దొర్లే దారి) చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. బంకర్‌లోంచి వచ్చాక ఇసుక మీరే దువ్వాలి. ఫెయిర్‌వే మీద మట్టిపెళ్ల లేస్తే కార్ట్‌లో ఉన్న విత్తనాలు కలిపిన ఇసుకతో గుంత మీరే నింపాలి. గ్రీన్ మీద బంతి పడిన గుంట మీరే సరిచేయాలి. ఇది అలవాటు లేక ఆట నెమ్మదిస్తుంది. నాలుగున్నర గంటల్లో రౌండు ముగియాలని మార్షల్ వెనకే తిరుగుతుంటాడు. నలుగురూ పనులు పంచుకోండి. ఒకరు జెండా, ఒకరు లేజర్, కార్ట్ నడిపేవాళ్లు ఎవరి బంతి ఎటు పోయిందో గుర్తు పెట్టుకోవాలి.

ఆట మొదలయ్యాక స్కోరు కన్నా కార్డు ముఖ్యం. ప్రతి ఐరన్ షాట్ తర్వాత ఎంత అనుకున్నారు, ఎంత వెళ్లింది, అప్పుడు ఎంత చలి, ఇవి రాసుకోండి. పద్దెనిమిది హోల్స్ అయ్యేసరికి మీ సొంత పట్టిక తయారవుతుంది. ఏ యాప్ ఇచ్చే అంకె కన్నా అది నమ్మకమైంది.

మూడో రోజు: మౌంట్ కిడ్, సాయంత్రం బాన్ఫ్‌కు

కిడ్‌లో ఎత్తుపల్లాలు ఎక్కువ. నాలుగో హోల్ పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సింది), టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) పైన, గ్రీన్ బాగా కింద. దిగుడు షాట్‌కి మోటు లెక్క, ప్రతి మూడడుగుల దిగుడుకు ఒక యార్డు తీసేయడం. ఈ లెక్క మధ్య ఐరన్లకు సరిపోతుంది. వెడ్జితో కొట్టిన బంతి నిటారుగా దిగుతుంది కాబట్టి ఆమేరకు తీసేయక్కర్లేదు. హైబ్రిడ్‌తో (ఎక్కువ దూరాలకు వాడే క్లబ్బు) కొట్టింది ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఇంకొంచెం తీసేయాలి. లేజర్‌లో స్లోప్ మోడ్ వాలును లెక్కలోకి తీసుకుంటుంది గానీ, చాలా మోడళ్లు ఎత్తునూ చలినీ పట్టించుకోవు. అది చూపిన అంకె మీద మీ పట్టికలోని సవరణ కూడా వేయాలి. బంతి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది కనుక గాలి తోయడం కూడా మామూలు కన్నా ఎక్కువ. జెండా వైపు కాదు, టీ వెనక ఉన్న చెట్ల కొసలు చూడండి.

రౌండు ముగిశాక బాన్ఫ్ గంట ప్రయాణం. ఉద్యానవనంలో ఆగేవాళ్లు పార్క్ పాస్ తీసుకుని అద్దానికి పెట్టుకోవాలి. కెనానాస్కిస్ రాష్ట్ర ప్రభుత్వానిది, దాని పాస్ వేరు, అక్కడ నడకదారుల దగ్గర కారు ఆపితే అది కావాలి. ఒకటి తీసుకుంటే రెండోదానికి చెల్లదు. పార్కులో హైవే వేగం గంటకు 90 కిలోమీటర్లు. రోడ్డుకి ఇరువైపులా కంచె, పైన చెట్లు పెరిగిన వంతెనలు కనపడతాయి, జంతువులు రోడ్డు దాటడానికి కట్టినవి.

నాలుగో రోజు: తొమ్మిది హోల్స్, అంతే

బాన్ఫ్ స్ప్రింగ్స్‌లో అసలు కోర్సు కాక 1989లో చేర్చిన తొమ్మిది హోల్స్ ఉన్నాయి, టన్నెల్ మౌంటెన్ నైన్ అంటారు. మధ్యాహ్నం అవి ఆడండి. అదే బో నది పక్కన, అదే కొండ కింద, అదే గాలి. మర్నాటికి ఇంతకు మించిన సాధన లేదు. ముఖ్యంగా గ్రీన్‌లు. మౌంట్ రండిల్ 2,948 మీటర్ల కొండ, కోర్సు మీదికి ఒరిగినట్టు ఉంటుంది. కొండ అంచు వాలు చూసి చూసి కన్ను దాన్నే నేలమట్టంగా ఎంచుకుంటుంది. చదునుగా కనపడే పట్ నిజానికి నదివైపు తిరుగుతుంది. కొండవైపు ఏటవాలుగా కనపడేది అంత తిరగదు. ప్రతి గ్రీన్ మీదా మొదట చూడాల్సింది బో నది ఎటుందన్నదే. సందేహం వస్తే కొండ నుంచి నదివైపు తిరుగుతుందనుకుని కొట్టండి.

ఇక జంతువులు. కోర్సు మీద ఎల్క్‌లు (పెద్ద జింకలు) మందలుగా తిరుగుతాయి. సెప్టెంబర్ వాటి జతకట్టే కాలం. అప్పుడు మగ ఎల్క్ మనుషుల మీదికీ కార్ట్‌ల మీదికీ వస్తుంది. కనీసం 30 మీటర్ల దూరం, ఎలుగుబంటికైతే 100 మీటర్లు, ఇది పార్క్ నియమం. బంతి ఎల్క్ పక్కన పడితే వెళ్లి కొట్టక్కర్లేదు. ప్రమాదకర జంతువుల దగ్గర పెనాల్టీ లేకుండా పక్కకు వచ్చి బంతిని డ్రాప్ చేసుకోవడానికి (చేత్తో వదలడానికి) గోల్ఫ్ నియమాల్లో 16.2 ఉంది. జంతువు బంతిని కదిలిస్తే పెనాల్టీ లేకుండా మళ్లీ అక్కడే పెట్టాలి. గ్రీన్ మీద గిట్టల గుంటలు పట్ దారికి అడ్డంగా ఉంటే సరిచేసుకోవచ్చు. నేల ఉడుతల బొరియలో పడినా ఉచిత ఉపశమనమే.

తిండి కార్ట్‌లో విప్పి ఉంచకండి. పెద్ద కాకులు, రేవెన్లు, సంచీ జిప్పులు లాగేస్తాయి. పులిహోర డబ్బా తెచ్చుకుంటే గట్టి మూత ఉన్నది తెచ్చుకుని, తిన్న వెంటనే బిగించండి. వన్యప్రాణులకు తిండి పెట్టడం అక్కడ నేరం.

ఐదో రోజు: స్టాన్లీ థాంప్సన్ కోర్సు

ఇంతదూరం వచ్చింది దీని కోసమే. కెనడియన్ పసిఫిక్ రైల్వే బాన్ఫ్‌లో తన హోటల్‌ను 1888లో తెరిచింది, ఈ కోర్సును గోల్ఫ్ కోర్సుల రూపశిల్పి స్టాన్లీ థాంప్సన్ 1928లో పూర్తిచేశాడు. కెనానాస్కిస్ గీసిన జోన్స్ కుర్రతనంలో థాంప్సన్‌కు భాగస్వామి, ఇద్దరూ ఒకే సంస్థ నడిపారు. శిష్యుడి కోర్సు ముందు ఆడి గురువుగారి దగ్గరికి రావడంలో ఉన్న లాభం ఇక్కడ తెలుస్తుంది. జోన్స్ బంకర్లు ఆపదను దాచకుండా చూపిస్తాయి. థాంప్సన్ బంకర్లు కంటిని మోసగిస్తాయి.

కొండలు ఎంత పెద్దవంటే మామూలు బంకర్ వాటి ముందు చుక్కలా ఉంటుంది. థాంప్సన్ బంకర్లను కొండల కొలతకు పెంచి, అంచులను శిఖరాల గీతల్లా పైకెత్తాడు. వాటిలో చాలా భాగం గ్రీన్‌కు ముప్పై నలభై యార్డుల ముందే ఉంటాయి, ఫెయిర్‌వేలోంచి చూస్తే గ్రీన్‌కు ఆనుకుని ఉన్నట్టు కనపడతాయి. కంటిని నమ్మితే గ్రీన్ దగ్గరగా ఉందనిపించి తక్కువ క్లబ్బు తీస్తారు, బంతి ఇసుకలోకి పోతుంది. లేజర్ ముందు జెండాకి, తర్వాత బంకర్ పెదవికి, రెండింటికీ పట్టండి.

నాలుగో హోల్ డెవిల్స్ కాల్డ్రన్. వెనక టీ నుంచి 190 యార్డుల పైన, పార్ 3. దాదాపు 70 అడుగుల దిగుడు, మధ్యలో హిమనదం వదిలిపోయిన కొలను, అవతల బేసిన్‌లాంటి చిన్న గ్రీన్, వెనక నిట్టనిలువు రండిల్. దిగుడుకు 20 యార్డులకు పైన తీసేస్తే 170 షాట్. పొద్దున చలిగా ఉంటే పట్టికలో పొద్దుటి వరస చూడండి. గాలి కొండకు కొట్టుకుని సుడి తిరుగుతుంది, టీ మీద వీపుకు తగిలే గాలి కొలను మీద ఎదురుగాలి కావచ్చు. ఇక్కడ ఒక్కటే సూత్రం, రెండు క్లబ్బుల మధ్య తేలకపోతే పెద్దది తీయండి. తక్కువైతే నీళ్లు. కొంచెం ఎక్కువైతే బేసిన్ అంచు బంతిని లోపలికి తోసే అవకాశమైనా ఉంటుంది. ఫొటోలు టీ బాక్స్ మీదికి వెళ్లకముందే, ముందు బృందం ఆడుతుండగా తీసుకోండి.

తర్వాత బో నది వెంట వరసగా హోల్స్. హిమానీనదాల నీరు, వేగమూ ఎక్కువ, బంతి కోసం అడుగు కూడా పెట్టొద్దు. 15వ హోల్ టీ షాట్ స్ప్రే నది మీదుగా పోతుంది. థాంప్సన్ వేసిన వరసలో ఇదే మొదటి హోల్, హోటల్ మెట్లు దిగి నేరుగా ఇక్కడికే వచ్చేవాళ్లు. క్లబ్‌హౌస్ మారడంతో వరస మారింది. అప్పటివాళ్లకు ఒళ్లు వేడెక్కకుండానే ఈ నది దాటాల్సి వచ్చేదన్నది తలుచుకుంటే, 14 హోల్స్ ఆడాక నిలబడటం ఎంత సుఖమో అర్థమవుతుంది.

ఆరో రోజు: ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే

క్లబ్బులు ముట్టుకోకండి. బాన్ఫ్ నుంచి లేక్ లూయీస్ మీదుగా జాస్పర్ 290 కిలోమీటర్లు, ఆగుతూ పోతే రోజంతా. లేక్ లూయీస్ దాటాక మధ్యలో పెట్రోలు దొరికేది సస్కాచెవాన్ రివర్ క్రాసింగ్ దగ్గరొక్కచోటే, ట్యాంకు ముందే నింపండి. ఫోన్ సిగ్నల్ చాలాదూరం ఉండదు, మ్యాపులు దించుకోండి. బో సమ్మిట్ 2,000 మీటర్ల పైన ఉంటుంది, సెప్టెంబర్‌లో కూడా మంచు పడవచ్చు. మొరైన్ సరస్సు చూడాలంటే సొంత కారు పోనివ్వరు, షటిల్ బస్సు ముందే బుక్ చేసుకోవాలి. అది పెట్టుకుంటే జాస్పర్ చేరేసరికి చీకటి పడుతుంది, చీకట్లో ఎల్క్‌లు రోడ్డు మీదికి వస్తాయి. మొరైన్ వదిలేసి అథబాస్కా హిమానీనదం దగ్గర ఆగడమే మేలు.

ఏడో రోజు: జాస్పర్

ఇదీ థాంప్సన్‌దే, 1925 నాటిది. పార్ 71. ఇక్కడ కార్ట్ తీసుకోకుండా నడవండి, కోర్సు నడకకే పుట్టింది. ఎత్తు సుమారు 1,050 మీటర్లు, బాన్ఫ్ కన్నా 300 మీటర్లు తక్కువ. పట్టికలో ప్రతి ఐరన్‌కూ రెండు యార్డులు తగ్గించండి. థాంప్సన్ ఇక్కడ చాలా హోల్స్‌ను ఏదో ఒక శిఖరానికి గురిపెట్టాడు. తొమ్మిదో హోల్, క్లియోపాత్రా, వెనక టీ నుంచి 231 యార్డుల పార్ 3, ఎదురుగా పిరమిడ్ మౌంటెన్. ముందు టీలు వాడటంలో చిన్నతనం ఏమీ లేదు. కొన్ని హోల్స్ పక్కన 2024లో కాలిన చెట్లు కనపడతాయి, గట్టిగాలి ఉన్నరోజు వాటి కింద బంతి వెతకొద్దు.

ఎనిమిదో రోజు: ఎడ్మంటన్ మీదుగా ఇంటికి

జాస్పర్ నుంచి ఎడ్మంటన్ 365 కిలోమీటర్లు, నాలుగు గంటలు, తూర్పుకు దాదాపు తిన్నని రోడ్డు. కాల్గరీకి వెనక్కి వెళ్తే ఐదు గంటల పైమాటే. అందుకని రాక కాల్గరీకి, పోక ఎడ్మంటన్ నుంచి బుక్ చేసుకోండి. కారు వేరే ఊళ్లో వదిలినందుకు అదనపు రుసుం ఉంటుంది, నలుగురు పంచుకుంటే భారం కాదు. బయల్దేరే ముందు బూట్ల అడుగున, క్లబ్బుల గాళ్లలో ఉన్న మట్టి కడిగి ఆరబెట్టండి, తడి బూట్లు కవర్లో పద్దెనిమిది గంటలు ఉంటే కంపు కొడతాయి. డ్రైవర్ తల మళ్లీ విప్పాలి, కడ్డీ మళ్లీ నిలబెట్టాలి. వాడని కారం స్ప్రే డబ్బా జాస్పర్‌లోనే, తర్వాత కొండెక్కబోయేవాళ్లెవరికైనా ఇచ్చేయండి.